టమాటా మొక్క పీకినప్పుడే వేర్లు చూడండి

"గుంటూరు ఎండలకి మిద్దె మీద క్యారెట్ పండుతుందా? పురుగు పట్టకుండా ఏ మందు కొట్టాలి?" అని అడిగారు.

పండుతుంది. బ్రాడీపేటలో మా మిద్దె మీద నాలుగు చలికాలాలుగా పండిస్తున్నాం. కాకపోతే అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు నెలాఖరు లోపు విత్తనం పడిపోవాలి. ఫిబ్రవరిలో వేసి, ఏప్రిల్లో ఆకు తప్ప దుంప లేదని బాధపడితే లాభం లేదు. దుంప ఊరాలన్నా రంగు రావాలన్నా 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఉంటే బాగుంటుంది. మనకి ఆ మాత్రం చలి డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే దొరుకుతుంది. రకం కూడా ఎండని కాస్త తట్టుకునే పూసా కేసర్ లాంటిది తీసుకోండి.

ఇక మందు సంగతి. దానికి మా మొదటి ఏడాది ఏం జరిగిందో చెప్పాలి.

ఆ ఏడాది పన్నెండు పాత పెయింట్ బకెట్లలో వేశాను. పదింటిలో అంతకుముందు టమాటా ఉండేది. ఆ మొక్కలు పీకేసి, అదే మట్టిలో కొంచెం ఎరువు కలిపి విత్తాను. మిగతా రెండింట్లో అంతకుముందు దసరా పూలకని బంతి వేసుకున్నాం. క్యారెట్ ఆకు కొత్తిమీర మడిలా పచ్చగా లేచింది. మధ్యాహ్నం పూట కొన్ని మొక్కలు తలవాల్చేవి, సాయంత్రానికి మళ్లీ లేచేవి. ఎండకేమో అనుకుని నీళ్లు పోస్తూ వచ్చాను.

భోగి నాడు పొద్దున్నే, మంట దగ్గర నుంచి రాగానే పిల్లలు మిద్దె ఎక్కారు. కింద అత్తయ్య హల్వాకి పాలు మరగబెడుతున్నారు. మా చిన్నది మొదటి క్యారెట్ పీకింది. రెండు కాళ్లుగా చీలి, ఒంటి నిండా బుడిపెలు, వెంట్రుకల్లా పిల్లవేర్లు. ఇంకోటి పీకితే అదీ అంతే. టమాటా ఉన్న పది బకెట్లలో ఒక్కటీ తినేలా లేదు. చిన్నది ఏడుపు అందుకుంది. రోజూ స్కూలు నుంచి రాగానే నీళ్లు పోసింది తనే మరి.

మా బాబాయిది ప్రత్తిపాడు వైపు, మిరప వేస్తాడు. పండక్కి వచ్చినవాడు పైకొచ్చి ఒక దుంప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నులిపురుగు అమ్మాయ్, మట్టిలో ఉండి వేర్లలో దూరే సన్నటి పురుగు. మిరప వేర్లకి కూడా ఇట్టాగే బుడిపెలు కడతాయి. ఇందులో ముందు ఏం వేశావు?"

"టమాటా బాబాయ్."

"ఆ మొక్కలు పీకినప్పుడు వేర్లు చూళ్లేదా?"

చూడలేదు. మిగిలిన రెండు బకెట్లూ పీకితే దుంపలు నున్నగా, సూటిగా వచ్చాయి. బంతి వేసిన బకెట్లవి! బంతి వేర్లలోంచి వచ్చే పదార్థం నులిపురుగుల్ని చంపుతుందని బాబాయి చెప్పాడు. నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు. క్యారెట్‌కి అసలు శత్రువు మట్టిలోనే ఉంటుందనీ, కంటికి కనపడదనీ ఆ రోజు నుంచి నా గట్టి నమ్మకం.

సంగతి తెలిసి పక్కింటాయన మిరప చేనుకి తెచ్చిన పురుగుమందు గుళికలు గుప్పెడు పొట్లం కట్టి ఇచ్చారు, బకెట్‌కి చెంచా చొప్పున వేసెయ్యమని. మంచి మనసుతోనే ఇచ్చారు, కానీ నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలు కడిగి పచ్చిగా కొరుక్కుతినే దుంప అది, పెరిగేదే ఆ మట్టిలో. గుంటూరులో ఏ సందు తిరిగినా పురుగుమందుల కొట్టే. మిరపకి కొట్టీ కొట్టీ మందంటే మనకి భయం పోయింది. చేనుకి వాడేవి తెచ్చి కుండీల్లో పోయడం ఎవరు నేర్పారో గానీ, దయచేసి ఆ పని చెయ్యకండి.

మేం ఆ మే నెలలో మట్టి మొత్తం మిద్దె మీద జానెడు మందం మించకుండా పరిచాం. బాగా తడిపి, అవతలి వస్తువు కనపడే పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి, గాలి పోకుండా చుట్టూ ఇటుకలు పెట్టాం. నల్ల షీటు వద్దు, ఎండ లోపలికి దిగాలి. తడి ఎందుకంటే, తడి మట్టిలో వేడి లోతుకి పోతుంది. నెలన్నర అలాగే వదిలేశాం. మనల్ని మాడ్చే ఎండ ఆ ఒక్క పనికి మాత్రం బంగారం. జూలైలో అన్ని బకెట్లలోనూ బంతి వేశాం. దసరాకి గుమ్మాలకి కట్టగా మిగిలినవి వీధిలో పంచాం. తర్వాత మొక్కలు తీసేసి, బకెట్‌కి గుప్పెడు వేపపిండి కలిపి, పదిహేను రోజులు ఆగి క్యారెట్ విత్తాం. ఆ సంక్రాంతికి హల్వా అయింది.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే నల్లరేగడి జోలికి పోకండి. ఆరితే రాయిలా బిగుసుకుని దుంపని వంకర తిప్పుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలుపుకోండి. పచ్చి పేడ వేస్తే దుంప చీలుతుంది. బకెట్ అడుగు లోతన్నా ఉండాలి. నారు పోసి నాటకండి, నేరుగా విత్తి తడి గోనెపట్టా కప్పి, మొలక కనపడగానే తీసేయండి. మొలకకి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. విత్తనం ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి. ఒక కొట్టువాడు నాకు గడువు దాటిన ప్యాకెట్ అంటగట్టాడు, ఇరవై రోజులు ఎదురుచూసినా ఒక్క మొలక రాలేదు. సీజనే చిన్నది, అందులో ఇరవై రోజులు పోతే ఇంకేం మిగులుతుంది?

ఆకు మీద పేనుబంక వస్తే నీళ్లు జోరుగా కొడితే చాలావరకు పోతుంది. పోకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టండి. అక్షింతల పురుగులు కనపడితే మాత్రం ఏమీ కొట్టకుండా వదిలేయండి, పేనుబంకని అవే తినేస్తాయి. ఉడుతలు మట్టి తవ్వకుండా మొదటి నెల వల కప్పితే సరిపోతుంది.

మీ కుండీల్లో పోయినసారి ఏం వేశారో రాయలేదు. టమాటా, వంగ, బెండ, మిరప ఏది ఉన్నా ఈ ఏడాది ఆ మట్టిలో క్యారెట్ వద్దు, బంతి వేయండి. పాత మొక్కలు ఇంకా పీకకపోతే ఒకటి పీకి, వేర్లు కడిగి చూసి చెప్పండి.