కారు కొన్నాక మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చా?

తమ్ముడూ, డాలస్‌లో దిగి నెల తిరక్కుండానే ఓ పాత కారు కొనెయ్యాలన్న నీ తొందర నాకు తెలుసు. ఇర్వింగ్‌లోనైనా, ఫ్రిస్కోలోనైనా కారు లేకపోతే పాల డబ్బాకు కూడా ఇంకొకరిని బతిమాలుకోవాలి. కానీ "నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చట కదా అన్నా" అన్నావు చూడు, అక్కడే నాకు భయమేసింది. ఇవ్వలేవు. ఆ మూడు రోజుల నియమం ఇంటికొచ్చి అమ్మేవాళ్ల కోసం పెట్టింది. డీలర్ దగ్గరికి నువ్వే వెళ్లి కొన్న కారుకు అది వర్తించదు.

నాకూ అప్పట్లో ఓ రూమ్మేట్ ఇదే మాట చెప్పాడు. ఆ ధైర్యంతోనే సంతకం పెట్టాను. గేరు మారేటప్పుడు కారు కుదుపుతోందంటే, "మూడు నెలల్లో ఏమొచ్చినా మాదే బాధ్యత" అన్నాడు సేల్స్‌మన్. పాత కారుకు వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం, బయ్యర్స్ గైడ్ అంటారు, అద్దానికి అంటించి ఉంది. అందులో మాత్రం ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టే, వారంటీ లేదు అన్న గడిలో టిక్కు ఉంది. నేను కాగితాన్ని వదిలేసి మనిషి మాటను నమ్మాను. లోన్ వచ్చేసిందని తాళాలిచ్చి పంపారు. కొద్ది రోజులకే ఫోన్ చేసి, బ్యాంకు ఒప్పుకోలేదు, వడ్డీ పెరుగుతుంది, వచ్చి కొత్త కాగితాల మీద సంతకం పెట్టమన్నారు. ఇక్కడ అప్పు తీసుకుని తీర్చిన క్రెడిట్ హిస్టరీ లేనివాణ్ని, మర్నాడు ఆఫీసుకు ఎలా వెళ్లాలన్న బెంగ ఒకటి, పెట్టేశాను. కారు వాళ్లకే వదిలేసి నా డౌన్ పేమెంట్ నాకివ్వమని అడగాల్సింది.

చలికాలం రాకముందే గేర్‌బాక్స్ పోయింది. బాగు చేయించే డబ్బూ, కారు కిస్తీ, ఊళ్లో నాన్న పేరు మీదున్న చదువు అప్పు కిస్తీ ఒకే నెలలో మీద పడ్డాయి. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను. నాన్న ఒక్క మాట కూడా అడగలేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా రెండు అప్పులూ తీర్చాను. ఆ తర్వాత ఏ కారుకూ వడ్డీ కట్టలేదు.

ఇప్పుడొచ్చే మీరు సన్‌రూఫ్ చూస్తారు, ఏపీఆర్, అంటే అప్పు మీద ఏడాదికి పడే అసలు వడ్డీ రేటు, చూడరు. "నెలకెంత" అని అడిగితే వాళ్లకు పండగే. 12,000 డాలర్ల లోన్ 18 శాతానికి 72 నెలలు తీసుకుంటే నెలకు దాదాపు 274 డాలర్లు. అదే 7 శాతానికి 48 నెలలైతే దాదాపు 287. చేతికి తెలిసే తేడా పదమూడు డాలర్లే. మొత్తం వడ్డీ మాత్రం మొదటిదానికి 7,700 దాటుతుంది, రెండోదానికి 1,800 దగ్గర ఆగుతుంది. ఆ ఆరు వేల డాలర్లు రూపాయల్లోకి మార్చి చూసుకో. ముందు మీ క్రెడిట్ యూనియన్‌లో, అంటే సభ్యుల సహకార బ్యాంకులాంటి చోట, లోన్ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే డీలర్ గుమ్మం తొక్కు.

చట్టాల సంగతి ఆయా వెబ్‌సైట్లలో చూసుకో, ఇక్కడ ముఖ్యమైనవే చెబుతా. లోపాలున్న కారు అంటగడితే కొన్నవాళ్లను కాపాడే టెక్సస్ లెమన్ చట్టం ప్రధానంగా కొత్త కార్లకే. న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్‌లో డీలర్ అమ్మిన పాత కార్లకూ మైలేజీని బట్టి కొంత రక్షణ ఉంది, కాబట్టి అక్కడి స్నేహితుల మాట ఇక్కడ పట్టుకోకు. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ కూడా లేదు. అందుకే నీకు తెలిసిన మెకానిక్‌కు వందో రెండొందలో ఇచ్చి ముందే చూపించు. అది దండగ ఖర్చు కాదు. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు లక్షల కార్లు నీళ్లలో నానాయి. అలా నానిన కార్ల టైటిల్‌ను, అంటే యాజమాన్య పత్రాన్ని, రాష్ట్రాలు దాటించి శుభ్రంగా కనిపించేలా చేసేవాళ్లున్నారు. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే విన్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్యను, బీమా మోసాలపై పనిచేసే ఎన్ఐసీబీ సంస్థ విన్‌చెక్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూడొచ్చు. కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు కూడా తీసుకో.

మనవాళ్ల దగ్గర కొన్నా సరే, టైటిల్ మీద బ్యాంకు లీన్, అంటే తీరని అప్పు తాలూకు హక్కు, ఉంటే డబ్బు చేతిలో పెట్టకు. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి 30 రోజుల్లోపు టైటిల్ మార్పించుకోండి. పన్ను 6.25 శాతం. ధర తక్కువ రాసుకుందామంటే వినకు, కారు ప్రామాణిక విలువలో 80 శాతానికి తగ్గితే ఆ 80 శాతం మీదే లెక్కేస్తారు.

నువ్వు చూసిన కారు విన్ నంబరు, డీలరిచ్చిన లెక్క కాగితం, అద్దం మీది బయ్యర్స్ గైడ్ ఫొటో నాకు పంపు. వాళ్లు నోటితో ఏం హామీ ఇచ్చినా ఆ గైడ్ మీదే రాయించుకో, అది ఒప్పందంలో భాగం. నేను చూసి చెప్పేదాకా డిపాజిట్ కట్టకు.