బల్ల కాళ్లు ఊగుతుంటే మేకు కొట్టకముందే చూడాల్సినవి

చేత్తో చేసిన చెక్క బల్ల కాళ్లు ఊగుతున్నాయి, మేకులు కొట్టి సందులో జిగురు పోసినా మళ్లీ వదులయ్యాయి, ఇంకేం చేయాలి అన్నది మీ ప్రశ్న. ముందు ఆ మేకులు పీకేయండి. కదిలే అతుకును మేకు ఆపలేదు. ఊగిన ప్రతిసారీ తన చుట్టూ ఉన్న చెక్క నారను నలిపి రంధ్రాన్ని ఇంకాస్త పెద్దది చేస్తుంది. ఎండిన పాత తెల్ల జిగురు మీద పోసిన కొత్త జిగురు కూడా సరిగా పట్టదు. మీ అతుకు మళ్లీ వదులవడానికి ఈ రెండూ కారణాలే.

ఊగడం రెండు రకాలు. కాళ్ల పొడవుల్లో తేడా ఉంటే బల్ల ఒక కాలి మీద టకటకమంటుంది. అతుకు వదులైతే నాలుగు కాళ్లూ నేలకు ఆనే ఉంటాయి, పైన పట్టుకుని తోస్తే చట్రం పక్కకు ఒరుగుతుంది. టకటకమనే బల్లను ఉన్నచోటే పావు వంతు తిప్పి చూడండి. ఈసారీ అదే కాలు లేస్తే తప్పు బల్లది, వేరే కాలు లేస్తే నేలది. అతుకే అనుమానమైతే కాలు, అడ్డపట్టీ (కాళ్లను కలిపే అడ్డచెక్క) కలిసేచోట వేలు ఆనించి ఇంకొకరిని బల్ల ఊపమనండి. కదిలే అతుకు వేలికి తెలిసిపోతుంది.

వదులైన అతుకును పూర్తిగా విప్పాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు. చీలలు (అతుకులో అడ్డంగా కొట్టిన చెక్క మేకులు), మరమేకులు ఉంటే ముందు తీసి, పలక అడ్డం పెట్టి కొయ్య సుత్తితో మెల్లగా తట్టండి. ఊడకపోతే వేడి వెనిగర్‌ను సిరంజితో అంచుల్లోకి ఎక్కించి కాసేపు ఆగితే తెల్ల జిగురు మెత్తబడుతుంది. పాతకాలపు వజ్రం జిగురైతే (జంతువుల తోలు, ఎముకలతో చేసేది) వేడి నీళ్లు చాలు. విప్పే ముందే ప్రతి కుసికీ (అడ్డపట్టీ కొసన సన్నగా చెక్కిన భాగం) దాని బెజ్జానికీ (కుసి దిగే కాలిలోని రంధ్రం) ఒకే అంకె వేయండి. తడిపిన చెక్కను బాగా ఆరనిచ్చి, పాత జిగురును పదునైన ఉలితో గీకి, అసలు చెక్క బయటపడేదాకా తీయండి. గరుకు కాగితంతో కుసిని అరగదీయకండి, దాని అంచులు గుండ్రబడి అతుకు ఇంకా వదులవుతుంది.

ఇక అసలు పని, కుసి మందం. పచ్చి చెక్కతో చేసిన కుసి ఆరాక కుంచించుకుపోయి వదులవుతుంది. కాగితం ఒక పొర దూరేంత సందు, అంటే సుమారు 0.1 మిల్లీమీటరు, ఉంటే జిగురు చూసుకుంటుంది. అంతకు మించితే అదే రకం చెక్క నుంచి పల్చటి బద్దలు తీసి, నార కుసి పొడవునే ఉండేలా, కుసికి రెండు వైపులా సమానంగా అతికించండి. ఒక్కవైపే అతికిస్తే అడ్డపట్టీ కాలి మీద పక్కకు జరుగుతుంది. రాత్రంతా ఆరాక కొంచెం కొంచెంగా చిత్రిక పట్టండి. చేత్తో నొక్కితే చాలావరకు దిగి, చివర్లో సుత్తి తట్టు ఒకటి రెండు అడిగితే సరైన బిగువు. బలవంతంగా దిగే కుసి జిగురునంతా గీకేస్తుంది, కాలిని చీల్చినా చీలుస్తుంది. బెజ్జం అడుగున 1 లేదా 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి, లేకపోతే లోపల చిక్కుకున్న జిగురు కుసిని వెనక్కి తోస్తుంది. నీళ్లు పోసి కుసిని ఉబ్బించే చిట్కా మాత్రం వద్దు. ఉబ్బిన నార బెజ్జంలో నలిగి, ఆరాక మునుపటికన్నా సన్నబడుతుంది.

జిగురును కుసికీ బెజ్జం గోడలకూ పల్చగా రాయండి. తెల్ల జిగురు కొద్ది నిమిషాల్లోనే పట్టడం మొదలవుతుంది కాబట్టి ముందు రెండేసి కాళ్లు కలిపి, అవి ఆరాక మిగతా రెండు అడ్డపట్టీలు ఎక్కించడం మేలు. క్లాంపులు (అతుకును బిగించి పట్టే పరికరాలు) లేకపోతే తాడు రెండు చుట్లు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టండి. తాడు ఆనేచోట గుడ్డ పెట్టాలి. వెంటనే ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ కొలవండి. 2 మిల్లీమీటర్ల తేడా ఉన్నా క్లాంపును కాస్త జరిపి సరిచేయండి. ఆరాక ఆ వంకర ఇక పోదు. బల్లపై బరువు పెట్టడానికి 24 గంటలు ఆగండి.

ఎక్కువ బరువు మోసే బల్లకు జిగురుతో పాటు చీల కూడా వేయడం నాకు నచ్చిన పద్ధతి. జిగురు రాయకముందే కాలికి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కుసిని దూర్చి, ఆ రంధ్రంలోంచి కుసి మీద గుర్తు పెట్టండి. బయటికి తీసి, ఆ గుర్తు నుంచి 1 మిల్లీమీటరు అడ్డపట్టీ వైపు జరిపి కుసికి రంధ్రం వేయండి. జిగురు రాసి బిగించాక కొన సన్నగా చెక్కిన గట్టి చెక్క చీల కొడితే అది కుసిని లోపలికి లాక్కుంటుంది. రెండో వైపుకు జరిపారంటే అదే చీల అతుకును బయటికి నెడుతుంది.

గుండ్రటి కుసి పీట పలకలోంచి పైకి వచ్చే రకమైతే కుసి కొనలో రంపంతో చీలిక పెట్టి, జిగురు రాసిన, కొన సన్నగా చెక్కిన చెక్కముక్కను అందులో దిగగొట్టాలి. ఆ చీలిక పీట పలక నారకు అడ్డంగా ఉండాలి, నార వెంట ఉంటే పీట పగులుతుంది.

కాళ్ల పొడవు సరిచేయడం అన్నిటికన్నా చివర. చదునైన పలక మీద బల్ల నిలబెట్టి, పైభాగం మట్టానికి వచ్చేదాకా కాళ్ల కింద సన్నటి ముక్కలు పెట్టండి. లేచిన కాలి కిందున్న సందుకన్నా కాస్త మందమైన చెక్కముక్క మీద పెన్సిల్ ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ గీత గీసి, గీత మీద కోయండి. కోసిన అంచులను 2 మిల్లీమీటర్లు ఏటవాలుగా చెక్కేస్తే బల్ల లాగినప్పుడు కాలి అడుగున పెచ్చులు లేవవు.