రన్నర్‌ను అడ్డుకున్నాడా, రన్నర్‌కు అడ్డొచ్చాడా?

సందేహం: బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ అంపైరింగ్ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నాను. అబ్‌స్ట్రక్షన్ (బేస్‌ల మధ్య పరిగెత్తే రన్నర్‌కు ఫీల్డర్ వల్ల కలిగే ఆటంకం) గురించి ‘ఫీల్డర్ రన్నర్‌ను అడ్డుకుంటే, అతను చేరగలిగే బేస్‌ను అంపైర్ ఇవ్వాలి’ అని రాశాను. మిత్రుడొకరు చదివి ‘అడ్డుకుంటే’ కాదు, ‘అడ్డొస్తే’ అనాలి అన్నారు. రెండూ ఒకటే కదా? ఇంటర్‌ఫియరెన్స్‌కు (ఎక్కువగా బ్యాటింగ్ జట్టు వల్ల ఫీల్డర్లకు కలిగే ఆటంకానికి) కూడా ఇదే మాట వాడవచ్చా?

సమాధానం: రెండూ ఒకటి కావు, మీ మిత్రుడి మాటే సరైనది. పైగా మీ వాక్యంలో ఆయన పట్టుకోని చిక్కు ఇంకొకటుంది, ‘చేరగలిగే’ దగ్గర. దాని సంగతి చివర్లో చెబుతాను.

రెండు క్రియల ముందూ ఏ విభక్తి వస్తోందో చూడండి. రన్నర్‌ను అడ్డుకుంటాం, రన్నర్‌కు అడ్డొస్తాం. మొదటిదాంట్లో రన్నర్ కర్మ, అంటే చేసేవాడు పనిగట్టుకుని వాడి మీద చేసిన పని. ‘పోలీసులు ఊరేగింపును అడ్డుకున్నారు’ అంటే వాళ్లు ఆపాలనుకున్నారు, ఆపారు. ఉద్దేశమూ ఉంది, ఫలితమూ ఉంది. ‘అడ్డొచ్చాడు’లో ఈ రెండూ ఉండాల్సిన పని లేదు. మనిషే కాదు, గోడ అడ్డొస్తుంది, స్తంభం అడ్డొస్తుంది, వెళ్లేవాడి దారిలో అది ఉంది, అంతే. వాడు ఆగిపోయాడని కూడా చెప్పడం లేదు, పక్కకు తప్పుకుని పోయి ఉండొచ్చు, తూలి మళ్లీ నిలదొక్కుకుని ఉండొచ్చు. అందుకే ‘అడ్డొచ్చినా పరుగు పూర్తి చేశాడు’ అంటే చెవికి సాఫీగా ఉంటుంది, ‘అడ్డుకున్నా పరుగు పూర్తి చేశాడు’ అంటే ‘మరి అడ్డుకున్నదేముంది?’ అని అడగాలనిపిస్తుంది. అక్కడ మనం ‘అడ్డుకోబోయినా’ అంటాం.

ఇప్పుడు నియమం ఏమంటోందో చూద్దాం. బంతి తన దగ్గర లేకుండా, బంతిని ఫీల్డ్ చేసే పనిలోనూ లేకుండా ఉన్న ఫీల్డర్ వల్ల రన్నర్ పరుగుకు ఆటంకం కలిగితే అది అబ్‌స్ట్రక్షన్. కావాలని చేశాడా, అనుకోకుండా జరిగిందా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. రన్నర్ పూర్తిగా ఆగిపోవాలన్న షరతూ లేదు, వేగం తగ్గినా, దారి మార్చుకోవాల్సి వచ్చినా చాలు. మీరు ‘అడ్డుకుంటే’ అని రాసిన మరుక్షణం కొత్త అంపైర్ ఫీల్డర్ మనసులో ఏముందో వెతకడం మొదలుపెడతాడు, ‘పాపం, వాడు కావాలని చేయలేదులే’ అని ఊరుకుంటాడు. మీ నోట్స్ చదివినందుకే తప్పు నిర్ణయం ఇస్తాడన్నమాట.

దీనికి 2013 వరల్డ్ సిరీస్ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్) మూడో మ్యాచ్‌ను మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. సెయింట్ లూయిస్‌లో కార్డినల్స్, రెడ్ సాక్స్ ఆడుతున్నారు, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, స్కోరు 4-4. మూడో బేస్‌కు వచ్చిన త్రోను అందుకోబోయి రెడ్ సాక్స్ ఫీల్డర్ విల్ మిడిల్‌బ్రూక్స్ బోర్లా పడ్డాడు, బంతి చేజారి ఎడమ ఔట్‌ఫీల్డ్ వైపు వెళ్లిపోయింది. అది చూసి కార్డినల్స్ రన్నర్ ఆలెన్ క్రెయిగ్ లేచి, చేరితే పరుగు వచ్చే హోమ్ ప్లేట్ వైపు బయల్దేరాడు, నేల మీదున్న మిడిల్‌బ్రూక్స్‌ను దాటబోయి తట్టుకుని పడ్డాడు. మళ్లీ లేచి పరిగెత్తాడు కానీ ఆలస్యమైపోయింది, బంతి ముందే వచ్చేసింది, దానితో తాకి ట్యాగ్ చేశారు. అయినా హోమ్ ప్లేట్ అంపైర్ డేనా డెమ్యూత్ సేఫ్ అన్నాడు. ఎందుకంటే మూడో బేస్ దగ్గరున్న అంపైర్ జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ ఇచ్చేశాడు. 5-4తో కార్డినల్స్ గెలిచారు, మ్యాచ్ అయిపోయింది.

ఈ ఘట్టాన్ని తెలుగులో చెప్పండి చూద్దాం. ‘మిడిల్‌బ్రూక్స్ క్రెయిగ్‌ను అడ్డుకున్నాడు’ అనగలరా? బంతి కోసం ఎగిరి బోర్లా పడ్డవాడు, లేచి తప్పుకునే టైమ్ కూడా లేనివాడు ఎవరినైనా అడ్డుకోవడమేమిటి? ‘క్రెయిగ్‌కు అడ్డం పడి ఉన్నాడు’ అనొచ్చు, ‘కాళ్లకు అడ్డొచ్చాడు’ అనొచ్చు. బంతి దాటిపోయాక కూడా నేల మీదే ఉండి రన్నర్‌ను ఆలస్యం చేస్తే అది చాలావరకు అబ్‌స్ట్రక్షనే అవుతుందని మేజర్ లీగ్ నియమాల వ్యాఖ్యలోనే ఉంది. అక్కడ నేరం మోపడం లేదు, రన్నర్‌కు పోయినదాన్ని తిరిగి ఇస్తున్నారు. ఫీల్డర్‌ను తప్పుబట్టే క్రియ వాడితే ఈ తేడా పోతుంది. (‘అడ్డుపుల్ల వేశాడు’, ‘మోకాలడ్డాడు’ లాంటివి కామెంటరీలో సరదాగా ఉంటాయి, అవి పూర్తిగా కావాలని చేసే పనులు, నోట్స్‌లోకి అసలే రానివ్వకండి.)

ఈ గందరగోళానికి సగం కారణం క్రికెట్ అని నా అనుమానం. ‘అబ్‌స్ట్రక్టింగ్ ద ఫీల్డ్’ను మనవాళ్లు ‘ఫీల్డింగ్‌ను అడ్డుకోవడం’ అని రాస్తూ వచ్చారు, అక్కడ అది చక్కగా సరిపోయింది కూడా. క్రికెట్ 37వ నిబంధన ప్రకారం బ్యాటర్ ఉద్దేశపూర్వకంగా అడ్డుపడితేనే అవుట్. 2006లో పెషావర్‌లో భారత్‌తో వన్డేలో ఇంజమామ్ ఉల్ హక్ అలాగే అవుటయ్యాడు. అదే ఆటలో ఫీల్డర్ కావాలని బ్యాటర్‌కు అడ్డుపడితే 5 పరుగుల పెనాల్టీ, అక్కడా ‘కావాలని’ అన్నదే కీలకం. బేస్‌బాల్‌లో మాట అదే అయినా మనుషులు తారుమారవుతారు, ఉద్దేశం లెక్కలోకే రాదు. క్రికెట్ మాటను యథాతథంగా పట్టుకొస్తే క్రికెట్ అర్థం కూడా వెంట వస్తుంది.

ఇక ఇంటర్‌ఫియరెన్స్. స్థూలంగా చెప్పాలంటే అబ్‌స్ట్రక్షన్ ఫీల్డింగ్ జట్టు వల్ల, ఇంటర్‌ఫియరెన్స్ ఎక్కువగా బ్యాటింగ్ జట్టు వల్ల. కొట్టిన బంతిని పడుతున్న ఫీల్డర్‌కు రన్నర్ ఆటంకమైతే రన్నరే అవుట్, ఇక్కడ కూడా ఉద్దేశం అక్కర్లేదు. విసిరిన బంతి విషయంలో మాత్రం రన్నర్ కావాలని చేస్తేనే. రెండింటికీ ఒకే తెలుగు మాట వాడితే ఎవరికి శిక్షో, ఎవరికి బేస్ ఇవ్వాలో తెలియకుండా పోతుంది. ‘జోక్యం’ అనే మాటను కొందరు ప్రయత్నించారు, నాకు నచ్చలేదు, జోక్యం చేసుకునేది సంబంధం లేని విషయంలో, రన్నర్‌కు ఆ ఆటతో సంబంధం లేకపోవడమేమిటి! ‘అడ్డుతగలడం’ నయం. జరుగుతున్న పనిని మధ్యలో చెడగొట్టడం అన్న ఛాయ దానికి ముందే ఉంది, మాట్లాడుతున్నవాడికి అడ్డుతగిలాడు అంటాం కదా. ఫీల్డర్ చేస్తున్నది పని, రన్నర్ వెళ్తున్నది దారి. పనికి అడ్డుతగులుతాం, దారికి అడ్డొస్తాం. నన్నడిగితే పేర్లకు అబ్‌స్ట్రక్షన్, ఇంటర్‌ఫియరెన్స్ అనే ఉంచి, వివరణలో ఈ రెండు క్రియలు వాడండి. పేర్లను కూడా తెలుగు చేయాలని పట్టుబడితే ఇంకో తలనొప్పి ఉంది. బ్యాటర్ స్వింగ్‌కు వెనకున్న క్యాచర్ (వికెట్ కీపర్‌లాంటివాడు) గ్లవ్ తగిలితే మేజర్ లీగ్ నియమాల్లో అది ఇంటర్‌ఫియరెన్స్, అమెరికా హైస్కూల్ నియమాల్లో అబ్‌స్ట్రక్షన్. ఒకే సంఘటనకు రెండు పేర్లు, రెండూ అనువదించి కూర్చుంటే పాఠకుడికి పిచ్చెక్కుతుంది.

సాఫ్ట్‌బాల్‌కు కూడా కలిపి రాస్తున్నానన్నారు కాబట్టి ఒక చిన్న సూచన. ‘అడ్డొచ్చాడు’, ‘అడ్డొచ్చింది’ అని రాస్తే ప్రతి వాక్యంలో లింగం గొడవ వస్తుంది. ‘అడ్డొస్తే’, ‘అడ్డొచ్చిన ఫీల్డర్’ అంటే ఆ బాధే ఉండదు, చేదర్థకానికీ క్రియాజన్య విశేషణానికీ మన భాషలో లింగం లేదు. నియమాలు రాసేవాళ్లకు ఇంతకన్నా సుఖం ఏముంటుంది.

మొదట్లో వాయిదా వేసిన ‘చేరగలిగే బేస్’ సంగతి. బేస్‌బాల్‌లో ఫీల్డర్ అడ్డొచ్చినప్పుడు ఆ రన్నర్ మీదే ప్లే (అవుట్ చేసే ప్రయత్నం) జరుగుతుంటే బంతి వెంటనే డెడ్, అంటే ఆట అక్కడే ఆగుతుంది, అంపైర్ రెండు చేతులూ పైకెత్తుతాడు, రన్నర్‌కు చివరిగా తాకిన బేస్ తర్వాతది కనీసం ఒకటి వస్తుంది. ఇందులో చిక్కు లేదు. ఆ రన్నర్ మీద ప్లే లేనప్పుడు మాత్రం అంపైర్ అబ్‌స్ట్రక్షన్ జరిగిన చోటు చూపించి, ఆటను సాగనిచ్చి, అంతా ఆగాక లెక్క సరిచేస్తాడు. సాఫ్ట్‌బాల్‌లో ఎడమ చేయి పక్కకు చాచి పిడికిలి బిగించడం దీనికి గుర్తు. అప్పుడు అంపైర్ వేసుకోవాల్సిన ప్రశ్న రన్నర్ సత్తా గురించి కాదు, అడ్డే లేకపోతే ఏం జరిగేదని. ‘చేరగలిగే’ అన్నది సామర్థ్యం. మంచి రన్నర్ అయితే ఎక్కడిదాకానైనా చేరగలడు! మీకు కావలసింది జరగనిదాన్ని ఊహించే ‘చేరేవాడు’. అయితే ‘-ఏవాడు’ రూపం ఒంటరిగా ఉంటే ‘రోజూ వచ్చేవాడు’ లాగా గతంలోని అలవాటును కూడా చెబుతుంది కాబట్టి, ముందు ‘రాకపోయి ఉంటే’ అని తగిలించాలి. రన్నర్ ఆడైనా మగైనా ‘చేరి ఉండేవారు’ అని గౌరవ రూపం పెట్టేస్తే ఇందాకటి లింగం గొడవ ఇక్కడా తప్పుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: ‘బంతి తన దగ్గర లేని, బంతిని ఫీల్డ్ చేయని ఫీల్డర్ రన్నర్‌కు అడ్డొస్తే, ఆ రన్నర్ మీద అప్పుడు ప్లే జరగకపోతే, ఆట ఆగాక అంపైర్, ఆ అడ్డు రాకపోయి ఉంటే రన్నర్ ఏ బేస్‌కు చేరి ఉండేవారో ఆ బేస్ ఇవ్వాలి.’ పొడుగ్గానే ఉంది. రెండు వాక్యాలుగా విరుచుకుంటే మీ ఇష్టం, ‘కు’ను మాత్రం మళ్లీ ‘ను’ చేయకండి.