అనంతపురం మిద్దె మీద సోలార్, లెక్క చూసేది అమెరికాలో

కొత్తగా అమెరికా వచ్చి ఉద్యోగాల్లో కుదురుకున్న మనవాళ్ళు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "అన్నా, అనంతపురంలో అమ్మావాళ్ళ ఇంటి మీద సోలార్ పెట్టిద్దామనుకుంటున్నా. ఎన్ని కిలోవాట్లు? ఇక్కడి నుంచి చూసుకోవచ్చా?"

తప్పకుండా పెట్టించండి. మన సీమలో ఎండకి కొదవ లేదు. కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు నడిచేది ఆ ఎండతోనే.

ఎన్ని కిలోవాట్లన్నది మిద్దె మీద జాగా చూసి తేల్చకండి. ముందుగా ఒక ఏడాదివి కరెంటు బిల్లులు ఫొటోలు తీసి పంపమనండి, ఎండాకాలానివి మాత్రం వదలొద్దు. మన దగ్గర ఒక కిలోవాట్ సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది. 3 కిలోవాట్లంటే నెలకి దాదాపు 350. ఇద్దరు పెద్దవాళ్ళుండే ఇంటికి, ఒక ఏసీ, బోరు మోటరు ఉన్నా, చాలావరకు ఇది చాలు. ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు. ఆపైన ఎంత పెద్దది పెట్టించినా పెరగదు. డబ్బు పంపగలుగుతున్నాం కదా అని పెద్దది పెట్టించమని నేను చెప్పను. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు అది నాన్న పేరుకి మార్పించండి. దరఖాస్తు పేరు, కనెక్షన్ పేరు ఒకటి కాకపోతే పని అక్కడే ఆగుతుంది.

ఇక చూసుకోవడం. సోలార్ ఇన్వర్టర్‌కి, అంటే ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టెకి, చిన్న వైఫై స్టిక్ పెడతారు, లెక్కలు మీ ఫోన్‌లోని యాప్‌కి వస్తాయి. ఆ యాప్ ఖాతా మీ మెయిల్‌తోనే తెరిపించుకోండి. బిగించినవాళ్ళ ఖాతాలో ఉంటే రేపు వాళ్ళు ఫోను ఎత్తకపోతే మీకేమీ కనపడదు. అక్కడ మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి డల్లాస్‌లో అర్ధరాత్రి దాటుతుంది, కాబట్టి పొద్దున కాఫీ తాగుతూ చూస్తే ఆ రోజు లెక్క మొత్తం దొరుకుతుంది. ఒక్కోరోజు సున్నా చూపిస్తుంది. టెన్షన్ పడి నాన్నను మిద్దె ఎక్కించొద్దు. చాలాసార్లు ఇంట్లో నెట్ రీఛార్జ్ అయిపోయి ఉంటుంది, ప్యానెళ్ళు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఇన్వర్టర్ కిందే ఉంటే దాని డిస్‌ప్లే చదవమంటే తేలిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: మామూలుగా ఆ యాప్ చూపించేది తయారైన కరెంటునే. ఇల్లు ఎంత వాడిందో దాంట్లో ఉండదు. అది తెలియాలంటే నెట్ మీటరులో, అంటే వచ్చే కరెంటునీ పోయే కరెంటునీ విడిగా లెక్కపెట్టే మీటరులో, రెండు రీడింగులు కావాలి: ఇంపోర్ట్ (లైను నుంచి ఇంటికి వచ్చింది), ఎక్స్‌పోర్ట్ (ఇంటి నుంచి లైనుకి వెళ్ళింది). ఒక నెలలో 330 యూనిట్లు తయారై, 190 లైనుకి వెళ్ళి, 150 లైను నుంచి వచ్చాయనుకోండి. 330లో 190 తీసేసి 150 కలిపితే 290. ఇంటి వాడకం అదీ. సోలార్ వచ్చాక "ఊరికే వస్తోంది కదా" అని ఏసీ ఎక్కువసేపు నడుస్తుంది, ఆరు నెలల తర్వాత బిల్లు మళ్ళీ మొదలవుతుంది. అందుకే ఈ లెక్క నెలనెలా కావాలి. మీటరు చదవడం అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ నేర్పండి, ఓపిగ్గా, వీడియో కాల్‌లో. వాళ్ళ ఇంటి లెక్క ముందు వాళ్ళ చేతిలో ఉండాలి, తర్వాతే మన ఫోన్‌లో. గ్రాఫ్ చూసి "నిన్న రాత్రి ఏసీ ఎందుకంతసేపు వేశారు" అని మాత్రం అడగొద్దు. మే నెలలో అక్కడ నిద్రపోవాల్సింది వాళ్ళు.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుందని ముందే చెప్పండి. లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకూడదని అలా చేస్తారు. అందుకే కరెంటు పోయినప్పుడు వాడుకునే పాత బ్యాటరీ ఇన్వర్టర్ అమ్మేయనివ్వొద్దు.

ఎండ బాగా కాసినా ఏప్రిల్‌లో అనుకున్నంత రాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దిగుబడి తగ్గుతుంది, అది చెడిపోయినట్టు కాదు. దుమ్ము సంగతి వేరు, కడిగించాల్సిందే, తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మరకలు పడతాయి కాబట్టి వెంటనే తుడవాలి. ఆ పని అమ్మానాన్నలు చేయొద్దు. వీధిలో ఎవరినైనా మాట్లాడి, నెలకింతని మీరే పంపండి.