మోకాళ్ల నొప్పి మాత్ర, గుండె మందులు, కొబ్బరి నీళ్లు: మూడూ కలిసినప్పుడు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 67 ఏళ్లు. కొబ్బరి తోట పనులు ఇప్పటికీ ఆయనే చూసుకుంటారు. ఏడాది కిందట గుండె పంపింగ్ తగ్గిందని కాకినాడలో డాక్టరుగారు టెల్మిసార్టాన్ 40, స్పైరోనోలాక్టోన్ 25, మెటోప్రొలాల్ రాశారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఎటోరికాక్సిబ్ 90 ఇస్తే మూడు వారాలుగా రోజూ వేసుకుంటున్నారు. నొప్పి తగ్గింది కానీ పాదాలు వాచాయి, బీపీ 160/100 ఉంటోంది. నీరసంగా ఉందని రోజుకు మూడు బొండాలు తాగుతున్నారు. ఇంతలో టెల్మిసార్టాన్‌కు అమెరికాలో అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక ఉందని, వెంటనే మానేయాలని వాట్సాప్‌లో వచ్చింది. అనుమతి ఉన్న మందుకు అలాంటి హెచ్చరిక ఎందుకు ఉంటుంది? మానిపించమంటారా?
- ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా చేయవలసిన పని చెబుతాను, కారణాలు ఆ తరువాత వివరిస్తాను. టెల్మిసార్టాన్‌ను మీ అంతట మీరు మానిపించవద్దు. ఎటోరికాక్సిబ్‌ను మాత్రం ఈ రోజే ఆపండి. కొబ్బరి నీళ్లు కూడా రక్తపరీక్ష ఫలితం వచ్చేవరకు ఇవ్వవద్దు. ఈ రోజు, కుదరకపోతే రేపు ఉదయం, దగ్గరలోని ల్యాబులో సీరం క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించి, ఒక ఈసీజీ కూడా తీయించి, ఆ కాగితాలతో డాక్టరును కలవండి. ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, మూత్రం బాగా తగ్గినా, కాళ్లూ చేతులూ బలం లేక వాలిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా పరీక్షల కోసం ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

మీకు వచ్చిన వాట్సాప్ సందేశంలో ఉన్నది సగం నిజమే. అమెరికాలో మందుల అనుమతులు చూసే ఎఫ్‌డీఏ కొన్ని మందుల సమాచార పత్రంలో అన్నిటికంటే పైన, నల్లగీతల చట్రంలో ఒక హెచ్చరిక ముద్రించమంటుంది. టెల్మిసార్టాన్‌కు అది ఉన్న మాట వాస్తవం. అయితే అందులో రాసి ఉన్నది గర్భిణుల గురించి. గర్భం వచ్చినట్లు తెలిసిన వెంటనే ఈ మందు ఆపాలని, లేకపోతే కడుపులోని బిడ్డకు హాని జరగవచ్చని ఆ హెచ్చరిక చెబుతుంది. 67 ఏళ్ల మగమనిషికి దానితో సంబంధం లేదు. హెచ్చరిక ఎవరి కోసం రాశారో తీసేసి, మందు పేరును మాత్రమే ఊరంతా తిప్పితే ఎంత ప్రమాదమో మీ ఇంటి పరిస్థితే చెబుతోంది. గుండె బలహీనంగా ఉన్న మనిషి ఈ మందును హఠాత్తుగా మానేస్తే బీపీ ఇంకా పెరిగి, ఊపిరితిత్తుల్లో నీరు చేరే అవకాశం ఉంది.

ఇక అనుమతి ఉన్న మందుకు హెచ్చరిక ఎందుకన్న ప్రశ్నకు వస్తాను. మన దేశంలో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ గానీ, అమెరికాలో ఎఫ్‌డీఏ గానీ ఒక మందును అనుమతించిందంటే, ఫలానా జబ్బు ఉన్నవారికి, ఫలానా మోతాదులో వాడితే చెరుపు కంటే మేలు ఎక్కువని నమ్మిందని అర్థం. అందరికీ, అన్ని మందులతో కలిపి, ఎంతకాలమైనా వాడవచ్చని కాదు. నాన్నగారు వేసుకుంటున్న నొప్పి మాత్రే ఇందుకు ఉదాహరణ. ఎటోరికాక్సిబ్ మన దేశంలోనూ యూరప్‌లోనూ అనుమతి ఉన్న మందు. అమెరికాలో మాత్రం 2007లో ఎఫ్‌డీఏ దీనికి అనుమతి నిరాకరించింది. అదే కుటుంబానికి చెందిన రోఫెకాక్సిబ్ 1999లో అనుమతి పొంది, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతున్నదని తేలడంతో 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వైదొలగింది. యూరప్‌లో ఎటోరికాక్సిబ్‌ను అనుమతిస్తూనే, బీపీ అదుపు తప్పి 140/90 కంటే పైనే ఉంటున్నవారికి, గుండె పంపింగ్ తగ్గి ఆయాసపడేవారికి ఇవ్వకూడదని స్పష్టంగా రాశారు. మోకాళ్ల అరుగుదలకు అక్కడి గరిష్ఠ మోతాదు రోజుకు 60 మిల్లీగ్రాములు. మీ నాన్నగారు గుండె జబ్బు ఉండి, అదుపు తప్పిన బీపీతో, 90 వేసుకుంటున్నారు. వాట్సాప్ సందేశం వేలెత్తి చూపవలసిన మందు నిజానికి ఇది.

ఈ నొప్పి మాత్ర టెల్మిసార్టాన్‌తో కలిసినప్పుడు మూత్రపిండంలో ఏం జరుగుతుందో డెల్టాలో పుట్టిన వారికి చెప్పడం తేలిక. కాలువ మీద రెండు లాకులు ఉన్నాయనుకోండి. పై లాకు దించేసి, కింది లాకు ఎత్తేస్తే మధ్యలో నీటిమట్టం పడిపోయి పక్క బోదెలకు నీరెక్కదు. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే జల్లెడకు కూడా ముందొక సన్నని నాళం, వెనుకొక సన్నని నాళం ఉంటాయి. ముందున్న నాళాన్ని తెరిచి ఉంచే సహజ రసాయనాన్ని నొప్పి మాత్ర తగ్గించేస్తుంది, వెనుకనున్న నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. దాంతో వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. దీనికి స్పైరోనోలాక్టోన్ వంటి మూత్రం పోయించే మందు తోడై, మే నెల ఎండలో తోటలో చెమటోడ్చడమో, రెండు రోజుల విరేచనాలో కలిసివస్తే, అప్పటిదాకా బాగున్న మూత్రపిండాలు కొద్ది రోజుల్లోనే దెబ్బతినవచ్చు. పాదాల వాపుకు, పెరిగిన బీపీకి కూడా ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలవేసే ఈ నొప్పి మాత్రే కారణం కావచ్చు. గుండె బలహీనత ముదిరినా వాపు వస్తుంది కనుక రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత బరువు చూసి రాసి ఉంచండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి.

నన్ను ఇంతకంటే ఎక్కువ కలవరపెడుతున్నది పొటాషియం. టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ రెండూ పొటాషియం మూత్రంలో పోకుండా ఆపుతాయి. నొప్పి మాత్ర కూడా ఆ పనే చేస్తుంది. ఇక ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలోనే దాదాపు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మూడు బొండాలంటే ఎంతవుతుందో మీరే లెక్క వేయండి. కోనసీమలో బొండం నీళ్లు ఎవరికైనా మంచివేనన్న నమ్మకం తరతరాలది, ఆరోగ్యవంతుల విషయంలో అది సరైనదే. ఈ మందులు వాడుతున్నవారి విషయంలో మాత్రం కాదు. రక్తంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉంటుంది. 5.5 దాటితే స్పైరోనోలాక్టోన్ మోతాదు తగ్గించడమో ఆపడమో డాక్టరు నిర్ణయిస్తారు. 6 దాటిందంటే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆసుపత్రిలో ఉంచవలసి వస్తుంది. చాలామందిలో అది బాగా పెరిగేవరకు ఏ లక్షణమూ కనిపించదు. మీరు నీరసం అంటున్నది దీని వల్లనేమోనన్న అనుమానం నాకు ఉంది. అందుకే పరీక్ష వాయిదా వేయవద్దంటున్నాను.

అలాగని స్పైరోనోలాక్టోన్‌ను చెడ్డ మందు అనుకోవద్దు. గుండె పంపింగ్ బాగా తగ్గిన 1,663 మందిపై జరిగి 1999లో వెలువడిన ప్రసిద్ధ పరీక్షలో ఈ మందు మరణాలను 30 శాతం తగ్గించింది. ఆ పరీక్షలో క్రియాటినిన్ 2.5 మించినవారిని, పొటాషియం 5 మించినవారిని చేర్చుకోలేదు, చేరినవారికి పదేపదే రక్తపరీక్షలు చేశారు. ఆ ఫలితం చూసి కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు ఈ మందును విరివిగా రాశారు. అప్పుడు పొటాషియం పెరిగి ఆసుపత్రి పాలైన గుండె రోగుల సంఖ్య 1994లో వెయ్యికి 2.4 ఉన్నది 2001 నాటికి 11కు చేరింది. మందు మారలేదు, అనుమతీ మారలేదు. ఎవరికి ఇవ్వాలన్న జాగ్రత్త, ఇచ్చాక చేయవలసిన పరీక్ష, ఈ రెండే జారిపోయాయి. నాన్నగారికి ఈ మందు మొదలుపెట్టాక క్రియాటినిన్, పొటాషియం చివరిసారి ఎప్పుడు చూశారో పాత కాగితాల్లో వెతకండి. నెలలు గడిచి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మెట్‌ఫార్మిన్ కొనసాగాలా వద్దా అన్నది కూడా మూత్రపిండాల పనితీరును బట్టే తేలుతుంది.

మోకాళ్ల నొప్పికి ప్రస్తుతానికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర అవసరమైనప్పుడు వాడవచ్చు, రోజుకు నాలుగు మించకూడదు. వేడి కాపడం, తొడ కండరాలకు వ్యాయామం, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మానడం మాత్రలంత త్వరగా పని చేయకపోయినా నిలకడగా మేలు చేస్తాయి. పైన రాసే నొప్పి జెల్ సంగతి పరీక్షల ఫలితం చూశాక డాక్టరును అడగండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటివి పేరు మారిన అదే ముప్పు. పేరూ ఊరూ లేని పొట్లాలలో నొప్పులకని ఇచ్చే మాత్రలను అసలు ఇంట్లోకి రానివ్వవద్దు.

ఇంకో రెండింటి విషయంలో జాగ్రత్త అవసరం. మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్ర స్పైరోనోలాక్టోన్‌తో కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. బీపీకి మంచిదని అమ్మే సోడియం తగ్గించిన ఉప్పులో సోడియం బదులు ఉండేది పొటాషియమే. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వేయాలా ఆపాలా అన్నది ముందే డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి.

ఎటోరికాక్సిబ్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. డాక్టరును కలవడానికి వెళ్లేటప్పుడు ఈ రేకుతో సహా ఇంట్లో ఉన్న ప్రతి రేకునూ, ఆయుర్వేద చూర్ణాలు ఉంటే వాటినీ సంచిలో వేసుకుని వెళ్లండి. మందు వల్లే వాపు, బీపీ వచ్చాయని తేలితే 1800-180-3024 అన్న ఉచిత నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించండి. ఇది 2010లో మొదలైన జాతీయ ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమం నంబరు, రోగి బంధువులు కూడా చేయవచ్చు. మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లు వాడారు, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి అన్నవి దగ్గర పెట్టుకుని చేయండి.