‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి? ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాయబోతున్న మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి హారికకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్పీకింగ్ రికార్డింగ్ అంతా విన్నాను. బాగా మాట్లాడుతున్నావు, టెన్షన్ లేదు. ఒక్క ‘ఓన్లీ’ మాత్రం ప్రతి జవాబులోనూ ఎక్కడో ఒకచోట తగులుతోంది. ఎక్కడుంటావని అడిగితే ‘ఐ లివ్ ఇన్ తిరుపతి ఓన్లీ’ అన్నావు. మన మధ్య అది తప్పని నేననను, ఇక్కడ అందరికీ అర్థమయ్యే ఇంగ్లిషే. పరీక్షలో మాత్రం దాన్ని తప్పుగానే చూస్తారు.

‘తిరుపతిలోనే’ అని మనం నొక్కి పలికేదాన్నంతా నువ్వు ఓన్లీ చేసేస్తున్నావు. దాని అసలు పని హద్దు గీయడం. కాబట్టి ఓన్లీ నోటిదాకా వచ్చినప్పుడు అక్కడ ‘మాత్రమే’ అతుకుతుందా చూసుకో. అతకకపోతే వదిలెయ్. ‘మా అక్కే నేర్పింది’ అనబోయి ‘మై సిస్టర్ ఓన్లీ టాట్ మీ’ అన్నావు చూడు, వినేవాళ్లకు అక్క నీ ఒక్కదానికే నేర్పినట్టు వినిపించవచ్చు. ‘ఇట్ వాజ్ మై సిస్టర్ హూ టాట్ మీ’ అను, నీ మనసులోని మాట సరిగ్గా చేరుతుంది.

మాట్లాడేటప్పుడు ‘ఐ ఓన్లీ ఏట్ టూ ఇడ్లీస్’ అన్నా ఫరవాలేదు, గొంతు అర్థం చెప్పేస్తుంది. రాతలో గొంతు ఉండదు కదా! ‘ఐ ఏట్ ఓన్లీ టూ ఇడ్లీస్’ అని, హద్దు దేనికో దాని ముందే పెట్టు. వ్యాసంలో ‘ఓన్లీ ఆఫ్టర్ ఐ జాయిన్డ్ కాలేజ్’ అని మొదలుపెడితే తర్వాత ‘డిడ్ ఐ స్టార్ట్ రీడింగ్’ అని రావాలి. ‘ఓన్లీ మై మదర్ న్యూ’ లాంటి వాక్యానికి ఆ డిడ్ అక్కర్లేదు, అక్కడ ఓన్లీ కర్తకే అంటుకుని ఉంది. 250 పదాల వ్యాసంలో ‘డిడ్ ఐ’ అని తిరగేసిన వాక్యం ఒకటి చాలు.

నాకు ఎక్కువ బెంగ రీడింగ్ గురించే. ఇచ్చిన పాఠం ప్రకారం నిజమా (ట్రూ), తప్పా (ఫాల్స్), పాఠం చెప్పలేదా (నాట్ గివెన్) అని తేల్చే ప్రశ్నల్లో ఓన్లీ కనిపిస్తే ఆగి చదువు. కాలినడకన కొండెక్కే దారి అలిపిరి నుంచి మాత్రమే ఉందని ప్రశ్న అంటుంది అనుకో. శ్రీవారి మెట్టు దారి గురించి కూడా పాఠంలో ఉంటే ఫాల్స్. పాఠం అలిపిరి గురించే చెప్పి, ఇంకో దారి ఉందనీ లేదనీ అనకుండా వదిలేస్తే నాట్ గివెన్. నీకు రెండో దారి తెలుసు, నువ్వు ఎక్కావు కూడా. ఆ తెలిసినదాన్ని అక్కడికి తీసుకురావద్దు.

స్పీకింగ్‌లో గ్రామర్ వాటా నాలుగో వంతే, కాబట్టి ఒకసారి నోరు జారితే అక్కడే ఆగిపోయి దిద్దుకుంటూ కూర్చోకు. ఆదివారంలోపు ఒక వ్యాసం రాసి వాట్సాప్‌లో పంపు. ఓన్లీ వచ్చిన ప్రతిచోటా కింద గీత గీసి పంపు, చూసి చెప్తాను.

మామయ్య