జకాత్ లెక్కకు కూర్చునే ముందు

నాయనా, అస్సలాము అలైకుమ్.

దుకాణం పెట్టి ఏడాది నిండబోతోందని, ఈసారి జకాత్ లెక్క, అంటే సంపదలోంచి ఏటా పేదలకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన వంతు లెక్క, నువ్వే వేసుకుంటానని రాశావు. చాలా సంతోషమేసింది. నలభైలో ఒక వంతు ఇవ్వాలని చిన్నపిల్లలకూ తెలుసు. ఆ వంతు దేనిమీద కట్టాలన్న దగ్గరే మనసు బేరాలాడుతుంది. ఇన్నేళ్లు వ్యాపారం చేసినవాడిగా చెబుతున్నాను, కాగితం మీద అంకెలు వేస్తూనే మనసు ఎక్కడ వెనక్కి లాగుతోందో కూడా చూసుకో. అక్కడే దానికి మట్టి పట్టిందన్నమాట. "వారి సంపదల నుంచి దానం తీసుకుని దానితో వారిని పరిశుద్ధులను చెయ్యి" అని అల్లాహ్ తన ప్రవక్త (స)కు ఆజ్ఞాపించాడు (ఖురాన్, తౌబా అధ్యాయం 103). అక్కడ శుద్ధి అయ్యేది ఇచ్చేవాడే.

ముందు తేదీ సంగతి. నీ సొమ్ము నిసాబ్‌కు, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస మొత్తానికి, చేరిన చాంద్రమాన తేదీని రాసి పెట్టుకో. ఒట్టి బంగారమే ఉన్నవారికి నిసాబ్ 87.48 గ్రాములు. నీకు రొక్కం, సరుకు కలిసి ఉంటాయి కాబట్టి 612.36 గ్రాముల వెండి విలువే లెక్క. ఎలాగూ ఆడిటర్ కోసం మార్చి 31కి లెక్క తీస్తాం కదా, అదే వాడేద్దామనుకోకు. చాంద్రమాన ఏడాది 354 రోజులే. ఇంగ్లీషు తేదీలు పట్టుకుని పోతే 33 ఏళ్లు తిరిగేసరికి పేదల హక్కు ఒక ఏడాదిది పూర్తిగా ఎగిరిపోతుంది.

ఆ రోజున షాపులో ఉన్న సరుకంతా దించి లెక్కపెట్టు. కొన్న ధర కాదు, ఆ రోజు ఎంతకు అమ్ముడుపోతుందో ఆ ధర వెయ్యి. పాత డిజైన్ చీరలకు తగ్గించి వేసుకోవచ్చు, కానీ నిజంగా ఎంతకు పోతాయో అంతకే తగ్గించు. ర్యాకులు, కౌంటరు, కుట్టుమిషను, నువ్వుండే ఇల్లు, తిరిగే బండి లెక్కలోకి రావు. మళ్లీ అమ్ముదామని కొన్న స్థలం ఉంటే వస్తుంది. సరుకు 8 లక్షలు, రొక్కం, బ్యాంకు కలిపి లక్షన్నర, తప్పకుండా వసూలయ్యే బాకీలు లక్ష అనుకుందాం. నువ్వు సూరత్ వాళ్లకు ఇవ్వాల్సింది నాలుగున్నర లక్షలు తీసెయ్. మిగిలిన 6 లక్షల మీద 15 వేలు. కోడలి నగలు కోడలివే, వాటి జకాత్ బాధ్యతా ఆమెదే. నువ్వు కట్టదలిస్తే ఆమెతో చెప్పి కట్టు.

బ్యాంకు వేసిన వడ్డీని ఈ లెక్కలో కలపకు. అది మొత్తంగా తీసి, పుణ్యం ఆశించకుండా అవసరంలో ఉన్నవారికి ఇచ్చెయ్యి. దాన్నే జకాత్ కింద చూపించుకోవడం చెల్లదు.

ఇక వ్యాపారులం ఎక్కువగా తప్పటడుగు వేసే చోటుకు వస్తాను. ఎవరో పేదవాడు 5 వేల బాకీ కట్టలేకపోతున్నాడు. ఎలాగూ రాదు, ఖాతాలో కొట్టేసి జకాత్ అనుకుందామనిపిస్తుంది. మనం అనుసరించే హనఫీ ధర్మశాఖ పండితులు (ఉలమాలు) అది చెల్లదంటారు. ఆలోచించు, చేతినుంచి పోయిందనుకున్న డబ్బును వదిలితే మనసులోంచి ఏం పోయినట్టు? జకాత్ సొమ్ము అతని చేతిలో పెట్టు, అది అతని సొంతమైపోవాలి. తర్వాత ఇష్టపడి బాకీ తీరుస్తాడో, పిల్లలకు బియ్యం కొంటాడో అతని ఇష్టం. అప్పు తీర్చలేనివాడికి కాస్త వెసులుబాటు వచ్చేదాకా గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మంచిదని ఖురాన్ చెబుతుంది (బఖరా 280). ఆ మాట వేరు, జకాత్ వేరు. రెండూ చెయ్యి. అలాగే షాపు కుర్రాడికి పండగ బోనస్ ఇచ్చి జకాత్‌లో రాసుకోకు. అది అతని చాకిరీకి ప్రతిఫలం.

ఎవరికివ్వాలో తౌబా 60లో ఎనిమిది రకాల వారున్నారు. తల్లిదండ్రులకు, పిల్లలకు, భార్యకు చెల్లదు. వాళ్లను పోషించడం నీ బాధ్యత. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిన్నులకు, మేనత్తలకు చెల్లుతుంది. దానం పుణ్యమొకటి, బంధుత్వం నిలిపిన పుణ్యమొకటి. జకాత్ అని చెప్పి ఇవ్వాల్సిన పని లేదు, నీ మనసులో సంకల్పం ఉంటే చాలు. ఈద్ కానుక అని చేతిలో పెట్టు. అయినవాళ్ల తల దించుకునేలా చేయకు.

ఇచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. మసీదులో ఆ మనిషి ముందు సలామ్ చెప్పాలని ఎదురుచూస్తావు. పెళ్లికి పిలవకపోతే "ఇంత చేశానే" అనిపిస్తుంది. ఎత్తిపొడుపులతో దానాన్ని పాడుచేసుకున్నవాడు బండమీది మట్టి లాంటివాడని, జడివాన పడితే నున్నటి రాయే మిగులుతుందని ఖురాన్ హెచ్చరించింది (బఖరా 264). ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ మనిషి కోసం దుఆ (ప్రార్థన) చెయ్యి. అప్పటికీ పోకపోతే మరుసటి నెల ఎవరికీ తెలియకుండా కొంచెం సదఖా (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం) ఇవ్వు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చేవాడికి, ఏ నీడా లేని రోజున అల్లాహ్ నీడ దొరుకుతుందని ప్రవక్త (స) చెప్పారు.

ఇదంతా చదివి డబ్బంటే భయపడకు. మక్కా నుంచి ఖాళీ చేతులతో మదీనా చేరిన ప్రవక్త సహచరుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఒక అన్సారీ (మదీనా వాసి) సోదరుడు తన ఆస్తిలో సగమిస్తానన్నాడు. ఆయన అతన్ని దీవించి, బజారు ఎటో చూపించమన్నారు. జున్ను, నెయ్యి అమ్మి నిలదొక్కుకున్నారు. నువ్వూ బాగా సంపాదించు.

నువ్వు రాసిన చిట్టీ విషయం మీ ఊరి ముఫ్తీ (ధర్మ నిర్ణయం చెప్పే పండితుడు) గారిని అడుగు. వేలంపాటలో తగ్గించి పాడుకునే చిట్టీ అయితే ఆ సంగతి కూడా చెప్పు. లెక్క కాగితం సిద్ధమయ్యాక నాకూ ఒక కాపీ పంపు, బాకీల పేజీ ముందు చూస్తాను.

నీ మామూ